దీపముండగానే

దీర్ఘకాలిక కాలేయ వ్యాధి బయటపడిన రోజున డాక్టరు గదిలో చాలా మాటలు నడుస్తాయి. మద్యం మానాలంటారు, ఉప్పు తగ్గించమంటారు, బరువు దిగాలంటారు, మూడు నెలలకు మళ్లీ స్కాన్ తీయించుకుని రమ్మంటారు. టీకాల మాట చాలాసార్లు రాదు. వచ్చినా అన్నిటికన్నా చివర్న, తర్వాత చూద్దాంలే అన్న ధోరణిలో వస్తుంది. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుంది? కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరి, కాలేయ మార్పిడి గురించి ఆలోచించాల్సిన స్థితిలో వస్తుంది. అప్పుడు టీకాల పట్టిక బయటకు తీస్తారు. అప్పటికి రోగికి టీకా అవసరం ఎన్నడూ లేనంత ఎక్కువగా ఉంటుంది. ఆ టీకాను రక్షణగా మలచుకునే శక్తి మాత్రం ఒంట్లో ఎన్నడూ లేనంత తక్కువగా ఉంటుంది. కాలేయ రోగుల టీకాల విషయంలో అసలు చిక్కు ఇదే. జబ్బు ముదిరేకొద్దీ అవసరం పెరుగుతుంది, ఫలితం తరుగుతుంది. అందువల్ల జబ్బు పేరు మొదటిసారి కాగితం మీద పడిన రోజే టీకా మొదలుపెట్టాల్సిన రోజు. ఈ మాటకు ఆధారాలేమిటో, దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు ఎంతవరకు నిలుస్తాయో చూద్దాం.

కాలేయం అనగానే జీర్ణక్రియ, రక్తంలోని విషపదార్థాల విరుగుడు గుర్తొస్తాయి. రోగనిరోధక వ్యవస్థలో దానికున్న చోటు గురించి అంతగా చెప్పుకోం. పెద్దవాళ్లలో దాదాపు కిలోన్నర బరువుండే ఈ అవయవం గుండా నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం ప్రవహిస్తుంది. అందులో ముప్పాతిక వంతు పేగుల నుంచి, ప్లీహం నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చేదే. పేగుల్లో కాపురముండే కోటానుకోట్ల బ్యాక్టీరియా శకలాలు, ఒక్కోసారి ప్రాణమున్న బ్యాక్టీరియా కూడా ఆ రక్తంతో పాటు వస్తాయి. వాటిని పట్టి మింగడానికి కాలేయంలోని సన్నని రక్తమార్గాల గోడలను అంటిపెట్టుకుని కుఫర్ కణాలుంటాయి. 1876లో వీటిని వర్ణించిన కార్ల్ ఫాన్ కుఫర్ పేరే వీటికి నిలిచింది. కణజాలాల్లో స్థిరపడి సూక్ష్మజీవులను మింగే కణాలు మన ఒంట్లో ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే 80 నుంచి 90 శాతం కాలేయంలోనే తేలతాయి. దీనికి తోడు, సూక్ష్మజీవులకు అంటుకుని వాటిని చంపడంలో సాయపడే కాంప్లిమెంట్ ప్రొటీన్లలో ఎక్కువ భాగం తయారయ్యేదీ ఇక్కడే.

ఇలాంటి అవయవం ఏళ్ల తరబడి దెబ్బతింటూ, మానుతూ, మళ్లీ దెబ్బతింటూ చివరికి మచ్చలతో గట్టిపడితే దాన్ని సిరోసిస్ అంటాం. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, కొవ్వు పేరుకోవడం, ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద తిరగబడటం, కారణం ఏదైనా చేరే చోటు ఒకటే. గట్టిపడిన కాలేయంలోకి రక్తం సులువుగా వెళ్లలేదు. పక్కదారులు చేసుకుని, కుఫర్ కణాల కంట పడకుండా నేరుగా ఒళ్లంతా తిరుగుతుంది. పేగు గోడలు వదులై బ్యాక్టీరియా శకలాలు మరింతగా రక్తంలోకి కారతాయి. కాంప్లిమెంట్ ప్రొటీన్ల ఉత్పత్తి పడిపోతుంది. ప్లీహం ఉబ్బి తెల్ల రక్తకణాలను, ప్లేట్‌లెట్లను తనలోనే నిలిపేసుకుంటుంది. మిగిలిన రక్షణ కణాలు ఎడతెగని ఈ ఉద్రేకంలో అలసిపోయి, కొత్త శత్రువు ఎదురైతే గట్టిగా స్పందించలేకపోతాయి. దీని పర్యవసానం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్నో అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ 2010లో వెలువడింది. సిరోసిస్ ఉన్నవారికి ఇన్ఫెక్షన్ సోకితే మరణ ముప్పు దాదాపు నాలుగు రెట్లవుతుందని, ఇన్ఫెక్షన్ వచ్చినవారిలో 30 శాతం మంది నెలలోపే చనిపోతున్నారని అది తేల్చింది. కోవిడ్ కాలంలో అనేక దేశాల నుంచి సేకరించిన రోగుల సమాచారమూ ఇదే చెప్పింది. టీకాలు రాకముందు కోవిడ్ సోకి ఆ సమాచారంలో నమోదైనవారిలో, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్నా సిరోసిస్ దాకా రానివారి మరణాల రేటు 8 శాతం. సిరోసిస్ తొలి దశలో అది 19 శాతం, నడిమి దశలో 35, ముదిరిన దశలో 51. వైరస్ ఒకటే. తేడా అంతా అది సోకేనాటికి కాలేయం ఏ మెట్టు మీద ఉందన్న దాంట్లో ఉంది.

ఇన్ఫెక్షన్ నేరుగా కాలేయానికే సోకేదైతే ముప్పు మరోలా ఉంటుంది. హెపటైటిస్ ఎ వైరస్ కలుషితమైన నీటితో, ఆహారంతో వ్యాపిస్తుంది. పిల్లల్లో చాలామందికి వచ్చినట్టే తెలియదు. ఆరోగ్యవంతులైన పెద్దల్లో కామెర్లు తెప్పించి, కొన్ని వారాలు పడుకోబెట్టి, తనంతట తానే పోతుంది. అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి ఆ కొన్ని వారాల భారం మొయ్యడానికి నిల్వ బలం ఉండదు. ఇటలీలో దీర్ఘకాలిక హెపటైటిస్ ఉన్నవారిని ఏడేళ్లు గమనించి 1998లో ప్రకటించిన అధ్యయనం వైద్యలోకాన్ని కదిలించింది. అందులో హెపటైటిస్ సి ఉన్న 432 మందిలో 17 మందికి హెపటైటిస్ ఎ సోకింది. ఆ 17 మందిలో ఏడుగురి కాలేయం ఉన్నపళంగా విఫలమైంది, ఆరుగురు చనిపోయారు. తర్వాతి అధ్యయనాలన్నిటిలో ఇంత తీవ్రత కనిపించలేదన్నది నిజం. అయినా కాలేయ వ్యాధి ఉన్నవారికి ఈ వైరస్ మామూలువారి కంటే ప్రమాదకరమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. సిరోసిస్ ఉన్నా నిలదొక్కుకుని తిరుగుతున్న మనిషి కొద్ది రోజుల్లో కుప్పకూలడానికి మన దేశంలో కనిపించే కారణాల్లో మద్యం, హెపటైటిస్ బి తిరగబెట్టడంతో పాటు నీటితో వచ్చే ఈ ఎ, ఇ వైరస్‌లు కూడా ఉన్నాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మన దేశంలో అందరికీ చిన్నప్పుడే హెపటైటిస్ ఎ వచ్చిపోతుంది కదా, పెద్దయ్యాక టీకా ఎందుకు? ఒక తరం కిందట ఈ మాటలో చాలా నిజముండేది. ఇప్పుడు మంచినీరు, మరుగుదొడ్లు మెరుగుపడిన ఇళ్లలో పెరిగిన పిల్లలు ఈ వైరస్ ఎదురుపడకుండానే పెద్దవాళ్లవుతున్నారు. ఊరి నీటి వ్యవస్థ మాత్రం పూర్తిగా బాగుపడలేదు. అంటే రక్షణ లేని పెద్దల సంఖ్య పెరుగుతోంది, వైరస్ అక్కడే ఉంది. కాబట్టి ఊహతో నిర్ణయించే పని లేదు. హెపటైటిస్ ఎ ఐజీజీ యాంటీబాడీ పరీక్ష చేయిస్తే సరిపోతుంది. యాంటీబాడీలు ఉంటే టీకా అక్కర్లేదు, లేకుంటే ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. “నాకు చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చాయి, పసరు మందుతో తగ్గాయి, ఇక రావు” అన్న ధీమాకూ జవాబు ఆ పరీక్షలోనే ఉంది. కామెర్లు ఒక లక్షణమే. వాటి వెనక ఎ ఉండొచ్చు, ఇ ఉండొచ్చు, బి ఉండొచ్చు, పిత్తనాళంలో రాయి ఉండొచ్చు. ఒకదాని వల్ల వచ్చిన రక్షణ మరొకదాని నుంచి కాపాడదు. పసరుకు ఇంత పేరు రావడానికి కారణం, హెపటైటిస్ ఎ చాలామందిలో ఏ మందూ లేకుండానే తగ్గిపోవడం. సిరోసిస్ ఉన్న మనిషి అదే నమ్మకంతో పసరు కోసం ఊళ్లు తిరుగుతూ గడిపే రోజులు చికిత్సకు దక్కాల్సిన రోజులు.

హెపటైటిస్ బి కథ వేరు. 1960ల్లో బరూక్ బ్లంబర్గ్ బృందం ఈ వైరస్ ఉపరితల ప్రొటీన్‌ను కనుగొంది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1981లో మనుషుల ప్లాస్మా నుంచి తీసిన టీకా, 1986లో ఈస్ట్ కణాల్లో జన్యుమార్పిడితో తయారైన టీకా అమెరికాలో అనుమతి పొందాయి. ఆ రెండో రకాన్ని మన దేశంలోనే తయారుచేసి సామాన్యుడికి అందే ధరకు తెచ్చిన ఘనత హైదరాబాద్‌ది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్‌వాక్-బిని విడుదల చేశాక ఈ టీకా ఖరీదైన దిగుమతి సరుకుగా మిగల్లేదు. అయితే దేశంలో పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఈ టీకా వెయ్యడం 2002లో ప్రయోగాత్మకంగా మొదలై, 2011 నాటికి గాని దేశమంతటికీ విస్తరించడం మొదలవలేదు. ఈ తేదీలను ఒకసారి మన కాలేయ రోగుల వయసులతో పోల్చి చూడండి. ఇవాళ సిరోసిస్‌తో ఆస్పత్రులకు వస్తున్న నలభై, యాభై, అరవై ఏళ్లవాళ్లు పుట్టేనాటికి ఈ కార్యక్రమమే లేదు. సొంతంగా వేయించుకున్నవారిని మినహాయిస్తే ఆ తరం మొత్తం టీకా రక్షణ లేకుండా ఉంది. మరోపక్క 2022 నాటికి భారతదేశంలో దాదాపు 3 కోట్ల మంది హెపటైటిస్ బితో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మద్యం వల్లనో కొవ్వు వల్లనో దెబ్బతిన్న కాలేయం మీద ఈ వైరస్ కూడా పడితే సిరోసిస్, కాన్సర్ల వైపు ప్రయాణం వేగం పుంజుకుంటుంది.

టీకా వేస్తే సరిపోదా అంటే, ఇక్కడే మన అసలు చిక్కు ఎదురవుతుంది. ఆరోగ్యవంతులైన యువకుల్లో హెపటైటిస్ బి టీకా మూడు డోసులు 90 శాతానికి మించి రక్షణ ఇస్తాయి. సిరోసిస్ ఉన్నవారిలో మామూలు మోతాదుకు సగం మంది కూడా తగినంతగా స్పందించడం లేదని చాలా అధ్యయనాలు చూపాయి. హెపటైటిస్ ఎ టీకాలో ఈ తేడా మరింత తేటగా కనిపిస్తుంది. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, కాలేయం ఇంకా తన పని తాను చేసుకోగలుగుతున్న రోగుల్లో రెండు డోసుల తర్వాత 98 శాతం మందికి యాంటీబాడీలు వచ్చాయి. పొట్టలో నీరు, ఇతర లక్షణాలతో కాలేయం చేతులెత్తేసిన రోగుల్లో 66 శాతం మందికే వచ్చాయి. మొదటి డోసు తర్వాత చూస్తే ఈ తేడా 71కి 37గా ఉంది. టీకా అదే, మోతాదు అదే. మారింది రోగి దశ ఒక్కటే. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న మన సామెత ఇంత నిక్కచ్చిగా వర్తించే వైద్య సందర్భం మరొకటి దొరకడం కష్టం. కొవ్వు కాలేయంతో జబ్బు మొదలయ్యేవారి విషయంలో ఈ వెలుగు చాలా ఏళ్లు ఉంటుంది. హైదరాబాద్‌లోని ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. వారిలో అందరికీ సిరోసిస్ రాదు. వచ్చేవారెవరో ముందే చెప్పలేం. అందరికీ అన్ని టీకాలూ అనకపోయినా, హెపటైటిస్ ఎ, బి టీకాలు వేయించుకున్నారా లేదా అని చూసుకోవడానికి ఇంతకంటే మంచి వయసు మళ్లీ రాదు.

“స్పందన తక్కువైతే టీకా వృథాయే కదా” అన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు మూడు వైపుల నుంచి వస్తుంది. మొదటిది, తక్కువ స్పందన అంటే స్పందన లేకపోవడం కాదు. వందలో నలభై మందికి రక్షణ దొరికినా ఆ నలభై మందికీ అది పూర్తిగా విలువైనదే. రెండోది, స్పందనను పెంచే దారులున్నాయి. సిరోసిస్ ఉన్నవారికి చాలామంది నిపుణులు హెపటైటిస్ బి టీకాను 20 మైక్రోగ్రాములకు బదులు 40 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు. చివరి డోసు అయిన నెల, రెండు నెలలకు రక్తపరీక్ష చేసి, యాంటీబాడీలు 10 యూనిట్లకు తక్కువుంటే మళ్లీ ఒక విడత వేస్తారు. ఆ పరీక్షను మరిచిపోవడమంటే రక్షణ ఉందన్న భ్రమతో బతకడమే. సీపీజీ 1018 అనే సహాయక పదార్థంతో రూపొందించిన కొత్త హెపటైటిస్ బి టీకాకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెల ఎడంతో రెండు డోసులు చాలు. కాలేయ రోగుల్లో కూడా పాత టీకా కంటే మెరుగైన స్పందన దానికి కనిపించింది. హైదరాబాద్‌కు చెందిన బయోలాజికల్ ఇ తన కోవిడ్ టీకా కార్బెవాక్స్‌లో వాడింది ఈ సహాయక పదార్థాన్నే. కాబట్టి అది మన దేశపు టీకా పరిశ్రమకు కొత్తది కాదు. మూడో వైపు రోగి ఇంట్లోవాళ్లు. రోగి ఒంట్లో టీకా సరిగా పనిచేయకపోతే, భార్య, భర్త, పిల్లలు ఫ్లూ టీకా వేయించుకుని ఇంట్లోకి వైరస్ రాకుండా చూడొచ్చు. రోగికి హెపటైటిస్ బి ఉంటే అతనికి ఆ టీకాతో పనిలేదు. ఇంట్లోవాళ్లకు మాత్రం పరీక్ష చేసి, వైరస్ లేనివారికి టీకా వెయ్యడం వైద్యంలో భాగమే.

మూడో అభ్యంతరం కాస్త లోతైనది. సిరోసిస్ రోగుల్లో ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లలో చాలా భాగం ఈ-కొలై, క్లెబ్సియెల్లా వంటి పేగు బ్యాక్టీరియా వల్ల వస్తాయి. పొట్టలోని నీటికి సోకేదీ, మూత్రనాళంలో చేరేదీ అవే. వాటికి టీకాలు లేవు. మరి ఉన్న టీకాలు ఎంతవరకు ఉపయోగం? ఈ ప్రశ్న న్యాయమైనదే. టీకాలతో కాలేయ రోగి ఇన్ఫెక్షన్లన్నీ ఆగిపోతాయని చెప్పడం అబద్ధమవుతుంది. అయితే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా ఈ రోగుల్లో తరచుగా వచ్చేవే. వాటిలో ముఖ్యమైన రెంటికి, ఫ్లూకు, న్యూమోనియా తెచ్చే న్యూమోకాకస్ బ్యాక్టీరియాకు, టీకాలున్నాయి. కాలేయ రోగుల్లో ఫ్లూ టీకా మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు తేలింది. ఆ అధ్యయనాల నాణ్యత అంత గొప్పది కాదు కాబట్టి ఈ అంకెను శిలాక్షరంగా తీసుకోకూడదు. కానీ ఒక్క ఆస్పత్రి చేరిక కూడా సిరోసిస్ రోగిని అంతకుముందున్న స్థితికి తిరిగి రానివ్వకపోవచ్చు. అలాంటప్పుడు నాలుగో వంతు తగ్గినా తక్కువేమీ కాదు. ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటుంది కాబట్టి ఆ టీకా ఏటా వేయించుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో వానాకాలంలో ఫ్లూ పెరుగుతుంది కాబట్టి వానలు మొదలయ్యేలోపు వేయించుకోవడం మేలు. న్యూమోకాకస్‌కు 20 రకాలను ఎదుర్కొనే కొత్త కాంజుగేట్ టీకా దొరికితే ఒక్క డోసు చాలు. పాత కాంజుగేట్ టీకా అయితే దాని తర్వాత 23 రకాల టీకా కూడా వెయ్యాల్సి ఉంటుంది.

నాలుగో అభ్యంతరం రోగుల నోట ఎక్కువగా వినిపించేది. అసలే పాడైన కాలేయం, దాని మీద టీకా భారం కూడా ఎందుకు? మాత్రలను విరిచి బయటకు పంపే పని కాలేయానిది కాబట్టి ఈ భయం సహజం. టీకా దారి వేరు. హెపటైటిస్ బి టీకాలో ఉండేది వైరస్ పైపొర ప్రొటీన్, అదీ మైక్రోగ్రాముల్లో. చేతి కండరంలో వేసిన ఆ ప్రొటీన్‌ను రక్షణ కణాలు అందుకుని దగ్గర్లోని లింఫు గ్రంథులకు తీసుకెళ్తాయి. నేర్చుకోవడం అక్కడ జరుగుతుంది. దానివల్ల కాలేయం చెయ్యాల్సిన పని పెరగదు. చంపిన వైరస్‌తోనో, ప్రొటీన్ ముక్కలతోనో చేసే టీకాలు కాలేయ రోగులకు సురక్షితమని దశాబ్దాల వాడకం నిరూపించింది. కోవిడ్ టీకాల తర్వాత కొద్దిమందిలో కాలేయ వాపు కనిపించిన సంఘటనలు నమోదయ్యాయి. అవి అత్యంత అరుదు, అదే రోగులకు కోవిడ్ వల్ల కలిగిన ముప్పు పైన చూసిన అంకెల్లో ఉంది. ప్లేట్‌లెట్లు తక్కువున్నవారికి సన్నని సూదితో వేసి, రెండు నిమిషాలు రుద్దకుండా అదిమి పట్టుకుంటే చాలు. నిజంగా జాగ్రత్త పడాల్సింది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసే టీకాల దగ్గర. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపి వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఈ కోవలోవి. హెపటైటిస్ ఎ టీకా మన దేశంలో చంపిన రూపంలోనూ, బతికున్న రూపంలోనూ దొరుకుతుంది కాబట్టి వేస్తున్నది ఏదో అడిగి తెలుసుకోవాలి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారికి, కాలేయ మార్పిడి అయినవారికి సాధారణంగా బతికున్న టీకాలు వెయ్యరు. అవసరమైతే మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే వెయ్యాలి. అంటే టీకా పట్ల నిజమైన జాగ్రత్త కూడా ముందుగా వేయించుకోమనే చెబుతోంది.

టీకా చెయ్యలేని పనులనూ స్పష్టంగా చెప్పుకోవాలి. హెపటైటిస్ సికి టీకా లేదు. దానికి ఇప్పుడు మూడు నెలల్లో నయం చేసే మాత్రలున్నాయి, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం వాటిని ఉచితంగా అందిస్తోంది. హెపటైటిస్ ఇకి చైనా 2011లో ఒక టీకాను అనుమతించింది. మన రోగులకు ఈ వైరస్ నుంచి కాపు ఇప్పటికీ కాచి చల్లార్చిన నీళ్లే. హెపటైటిస్ డి మాత్రం బి లేకుండా బతకలేదు కాబట్టి బి టీకా దాన్నీ ఆపుతుంది. ధనుర్వాతం, డిఫ్తీరియా బూస్టరు, యాభై దాటినవారికి అక్కి నుంచి కాపాడే ప్రొటీన్ టీకా, కోవిడ్ డోసుల విషయంలో డాక్టరు సలహా, ఇవీ జాబితాలో చేరతాయి.

ఇంత తెలిసీ టీకాలు ఎందుకు వెనకబడుతున్నాయి? మన టీకా వ్యవస్థ పసిపిల్లలను, గర్భిణులను దృష్టిలో పెట్టుకుని పెరిగింది. ఆ పని అద్భుతంగా చేసింది కూడా. పెద్దల టీకాలకు పట్టిక ఉంది గాని యంత్రాంగం లేదు. కాలేయ నిపుణుడు ఫ్యామిలీ డాక్టరు చూసుకుంటాడనుకుంటాడు, ఫ్యామిలీ డాక్టరు నిపుణుడు చెప్పే ఉంటాడనుకుంటాడు. ఇద్దరి మధ్యా రోగి ఒక్కో మెట్టూ దిగుతూ ఉంటాడు. న్యూమోనియా టీకా ఖర్చు రోగి జేబు నుంచే రావాలి. మద్యం వల్ల జబ్బు తెచ్చుకున్న మనిషికి ఇన్ని టీకాలెందుకన్న నిర్లక్ష్యం కూడా సమాజంలో ఉంది. ఒక మనిషి అలవాటును తప్పుపట్టడం వేరు, అతనికి అందగలిగిన రక్షణను అందకుండా చెయ్యడం వేరు. మద్యం మానిన రోగి కాలేయం కొంత కోలుకోగలదు. ఆ కోలుకునే కాలంలో ఒక న్యూమోనియా అతన్ని తీసుకుపోతే మానడానికి పడ్డ కష్టమంతా వృథా అవుతుంది.

దీనికి కొత్త పరిశోధనలేమీ అక్కర్లేదు. కాలేయ వ్యాధి నిర్ధారణ అయిన రోజునే హెపటైటిస్ ఎ, బి పరీక్షలు రాసి, రక్షణ లేకుంటే మొదటి డోసు వేసి, తర్వాతి డోసుల తేదీలు రోగి ఫైలు మొదటి పేజీలోనే నమోదు చెయ్యాలి. ఫ్లూ, న్యూమోకాకస్ టీకాలు కూడా అదే పేజీలో ఉండాలి. ప్రభుత్వం పిల్లలకు హెపటైటిస్ బి టీకా ఉచితంగా వెయ్యగలిగినప్పుడు, ఆ కార్యక్రమం కంటే ముందు పుట్టి ఇప్పుడు కాలేయ వ్యాధితో ఉన్న పెద్దలకు కూడా వెయ్యగలదు, వెయ్యాలి. రోగులు, వారి ఇంటివాళ్లు మాత్రం అంతవరకు ఆగనవసరం లేదు. తర్వాతిసారి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఇంకా ఒంట్లో బాగానే ఉండగానే, “నాకు ఏయే టీకాలు కావాలి?” అని అడగండి. ఇప్పుడేం తొందర అన్న జవాబు వస్తే, ఇప్పుడు వేస్తేనే బాగా పనిచేస్తుంది కదా అని మళ్లీ అడగండి.